ముప్పై తొమ్మిది పళ్ళ చక్రం

ఆ నాలుగు టైర్లు ఇంటికొచ్చిన రోజు మొట్టమొదట నవ్వినదాన్ని నేనే. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న పాత సామాన్లలోంచి మా మావగారు వాటిని ఏరి తెచ్చారు. ఒక్కొక్కటి నా నడుము దాకా వచ్చింది. బిగించాక మా జీపు, నాన్న చెప్పులు తొడుక్కున్న పిల్లాడిలా కనిపించింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆయన చూడనే చూశారు. "నవ్వమ్మా నవ్వు. రేపు ఇసకలో దీని నడక చూసి నోరు తెరుస్తావు," అన్నారు.

నోరు తెరిచిన మాట నిజమే. మర్నాడు పొద్దున పడవల దగ్గర చేపల పెట్టెలు ఎక్కించి, మా ఆయన క్లచ్ వదలగానే బండి ఒక్క ఎగురు ఎగిరి చచ్చి ఊరుకుంది. మళ్ళీ స్టార్టు చేశారు, మళ్ళీ ఆగింది. నాలుగోసారికి క్లచ్ ప్లేటు కాలిన కంపు మా వాకిలి దాకా వచ్చింది. చక్రాలు ఇసుకలో దిగబడటం మానేశాయి, కాదనను. అసలు తిరగడమే మానేశాయి.

మాది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మాది అంటున్నాను గానీ అది అత్తవారి ఊరు. ఎనభైలు ముగిసిపోతున్న రోజులవి. పడవలు ఒడ్డుకొచ్చే చోట మావగారు చేపలు వేలంలో కొని బాపట్ల పంపేవారు. అక్కడ లారీవాళ్ళు ఎక్కించుకునేవారు. జీపు తోలేది మా ఆయన. అత్తయ్య నా పెళ్ళికి ముందే పోయింది కాబట్టి ఆ ఇంట్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పొద్దున లేచి ఇసుక ఊడవడం, వండటం, మళ్ళీ ఇసుక ఊడవడం. ఎంత ఊడ్చినా మధ్యాహ్నానికి కంచంలో కరకరమనేది. గాలికి కరువా అంటే కాదు, తలుపులు విరగ్గొట్టేంత గాలి. అయినా నాకు అక్కడ ఊపిరాడేది కాదు.

నేను లెక్కలు చదివినదాన్ని. పుట్టి పెరిగింది రేపల్లెలో, డిగ్రీ చదివింది తెనాలిలో. మూడేళ్ళు రోజూ రైల్లో పోయి వచ్చాను. బీఈడీ చేసి ఏదైనా బళ్ళో లెక్కల టీచరు కావాలని నా ఆశ. పెళ్ళిచూపుల్లో ఆ మాట అడిగితే "దానికేం భాగ్యం, చదివిద్దాం" అన్నారు. పెళ్ళయ్యాక సీటు కూడా వచ్చింది, తెనాలి కాలేజీలోనే. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"ఒక్కదానివీ రైల్లో వద్దమ్మా. ఇంటి కోడలు పొద్దున్నే స్టేషన్లో నిలబడితే నలుగురూ ఏమంటారు?" అన్నారు మావగారు.

విన్నారా! మూడేళ్ళు రైలెక్కిన మనిషిని, మెడలో మూడు ముళ్ళు పడగానే రైలెక్కడం చేతగాని పసిపిల్లనైపోయాను. ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం "అలాగే మావయ్యా" అన్నాను. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ "అలాగే".

ఆయన చెడ్డమనిషి కాదు. అదే నా కష్టం. తిట్టే మనిషైతే నేనూ మనసులో నాలుగు తిట్టుకుని, పుట్టింటికి పోయి కూర్చునేదాన్ని. ఆయన తిట్టరు. చందువా చేప వండిన రోజు మంచి ముక్క తన కంచంలోంచి తీసి నాకు పక్కన పెట్టేవారు. రైలు వద్దన్న మనిషే దానికి బదులు ఒక దారి కూడా చెప్పారు. కొత్త టైర్లతో జీపు బాగా నడిస్తే చేపలు బాపట్లలో దించకుండా తిన్నగా తెనాలి బజారుకే తోలిస్తారట. మా ఆయన పక్కన కూర్చుని నేనూ వెళ్ళొచ్చు. సాయంత్రం ఐసు వేసుకుని బండి తిరిగొచ్చేటప్పుడు నేనూ అందులోనే రావచ్చు. "బండి బాగుపడితే నీ చదువూ బాగుపడుద్ది," అన్నారు నవ్వుతూ. అంటే నా చదువు ఇప్పుడు ఆ పాడు జీపు ఇరుసులో ఇరుక్కుందన్నమాట. కాలేజీలో చేరడానికి పదిహేను రోజులే గడువుంది.

క్లచ్ ప్లేటు మార్పించి, ఖాళీ బండిని నెమ్మదిగా రేపల్లె తోలుకెళ్ళాం. లారీలూ జీపులూ బాగుచేసే షెడ్డు మా పిన్ని భర్తది, అంటే మా బాబాయిది. మా పుట్టింటి పక్కనే ఆ షెడ్డు. చిన్నప్పుడు నేను బొమ్మలతో కంటే బేరింగులతోనే ఎక్కువ ఆడాను. బాబాయికి చేతిలో విద్య ఉంది గానీ అక్షరం ముక్క రాదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన షెడ్డు లెక్కలన్నీ నావే.

ఇంజన్ దగ్గర్నుంచి ఒక ఇనుప షాఫ్టు తిరుగుతూ వచ్చి, ఇరుసు మధ్యలో ఉన్న చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. అది పక్కనున్న పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. దాంతో బండి చక్రాలు తిరుగుతాయి. పెద్ద చక్రానికి పళ్ళు ఎక్కువైనకొద్దీ బండికి బలం ఎక్కువ, వేగం తక్కువ. ఇంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మా జీపులో షాఫ్టు నాలుగుంపావు సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేది. టైరు పెద్దదైతే ఆ ఒక్క చుట్టుకే బండి ఎక్కువ దూరం పోవాలి, ఇంజన్‌కు ఆ బలం చాలదు. ఇలాంటప్పుడు వాడుకోవడానికి జీపుల్లో వేరే నిదానపు గేరు ఒకటుంటుంది. మా దాంట్లో అది ఎప్పుడో అరిగిపోయింది, దొరకలేదు కూడా. కాబట్టి ఇరుసుల్లో పళ్ళచక్రాలు మార్చడం ఒక్కటే దారి.

తెనాలిలో పాత ఇనుప కొట్లన్నీ గాలించి బాబాయి రెండు రకాలు సంపాదించాడు. రెండింటికీ చిన్న చక్రానికి ఎనిమిది పళ్ళే. పెద్ద చక్రానికి మాత్రం ఒక రకంలో ముప్పై తొమ్మిది, ఇంకో రకంలో నలభై మూడు. ఏది వేసినా ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఒకటే రకం వెయ్యాలి. లేకపోతే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి దెబ్బలాడుకుంటాయి.

"ఏంటి తేడా?" అని అడిగారు మావగారు. ఆయన ఒక పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"నలభైమూడు వేస్తే ఇసకలో దున్నపోతులా లాగుద్ది బావగారూ. రోడ్డెక్కిందంటే మాత్రం గోల. కాస్త వేగం పెంచితే ఇంజన్ అరుస్తది, డీజిల్ తాగుద్ది. రోజూ తెనాలి తోలే పని పెట్టుకోమాకండి. బాపట్ల దాకా అయితే సరే. ముప్పైతొమ్మిది వేశామనుకోండి, రోడ్డు మీద హాయిగా పోద్ది. ఇసకలో అంటారా..." బాబాయి ఆగి నా వైపు చూశాడు. "అమ్మాయి లెక్క కట్టి చెప్పుద్ది."

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. ఎవరు లెక్క చెబితే వాళ్ళే సుద్దముక్కతో ఆ అంకె ఇరుసు మీద రాయాలి. రేపు ఏదైనా తేడా వస్తే "నేననలేదు" అనడానికి వీల్లేకుండా బాబాయి పెట్టుకున్న పద్ధతి అది. సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. షెడ్డులో పుట్టి పెరిగినదాన్ని, తెలియకపోవడమేంటి? ఇసుక బండికి నలభై మూడే. కానీ నలభై మూడు అన్నానంటే తెనాలి లేదు. ఆ ఇసుకలో, ఆ గాలిలో, ఆ చీపురుతో నా బతుకు తెల్లారిపోతుంది.

గట్టిగా, అందరికీ వినబడేలా లెక్క చెప్పాను. "పాత టైరు ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు. కొత్తది ముప్పై రెండు. పాతది నాలుగుంపావు అయితే కొత్తది అయిదుకి కొంచెం తక్కువ రావాలి. ముప్పై తొమ్మిదిని ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది మావయ్యా."

"అంతేనంటావా?" అన్నారాయన.

"అంతేనండి."

"చదువంటే అదీ!" అని మా ఆయన వైపు తిరిగారు. "చూశావురా? నాలుగు నిమిషాల్లో తేల్చేసింది." మావగారి మొహం వెలిగిపోయింది. నేను వంగి ఇరుసు మీద ముప్పై తొమ్మిది అని రాశాను. బాబాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

లెక్కలో తప్పు లేదు. ఎవరైనా వేసి చూసుకోవచ్చు. పాత టైర్లతో ఉన్న బలాన్ని తిరిగి తెచ్చే లెక్క అది. ఆ పాత బలంతో బండి ఇసుకలో దిగబడి ఏడుస్తూనే ఉండేది, అందుకే కదా టైర్లు కొన్నది. ఒడ్డు ఎత్తు, తడి ఇసుక, నీళ్ళోడే చేపల పెట్టెల బరువు, వీటిలో ఒక్కటి కూడా నేను లెక్కలో వెయ్యలేదు. మర్చిపోయి కాదు.

మూడు రోజుల తర్వాత బండి తయారైంది. కాలేజీలో చేరాను. తర్వాతి రెండున్నర నెలల గురించి చెప్పమంటే నాకిప్పటికీ మాటలు తడబడతాయి. చీకటి విడుతుండగా వేలం అయ్యేది. ఆరింటికల్లా బయల్దేరేవాళ్ళం. గేరు రాడ్డుకూ తలుపుకూ మధ్య కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని కూర్చునేదాన్ని. వెనక నుంచి ఐసు నీళ్ళు కారి చీర అంచు తడిసేది. కాలేజీకి చేరేసరికి ఒంటికి చేపల వాసన. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకుంటే "నీ మొహం, ఇంటికెళ్ళి అదే తింటావుగా" అన్నాను. ఆ మాట అనడంలో ఎంత సంతోషమో! నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడగలిగిన చోటు అదొక్కటే.

ఇసుక మాత్రం ఊరుకోలేదు. బరువు ఎక్కువైన రోజున బండి ఒడ్డెక్కనని మొరాయించేది. మా ఆయన పెట్టెలు సగం దించి, పైకి తెచ్చి, మళ్ళీ వెళ్ళి మిగతావి మోసుకొచ్చేవారు. మావగారు వెనక నుంచి నెట్టేవారు. "వద్దండి మావయ్యా, మీరెందుకు" అంటే "కొత్త పళ్ళుగా, సర్దుకునేదాకా అంతేనమ్మా" అనేవారు. సర్దుకునేదేంటి, ఇనుమా సర్దుకునేది? ఆ మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. ప్రతి రోజూ ఆగిపోయేది. చెబితే ఆ సాయంత్రమే నలభై మూడు వేయిస్తారు, మర్నాటి నుంచి నాకు తెనాలి ఉండదు. పరీక్షల దాకా ఆగుదాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. కాలేజీలో ఉన్నంతసేపూ ఇల్లు గుర్తొచ్చేది, ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఇరుసు గుర్తొచ్చేది. బోనులోంచి బయటపడ్డాననుకున్నాను గానీ, ఇంకో బోను నా చేత్తో నేనే కట్టుకున్నాను.

ఆ రోజు పడవలు నిండుగా వచ్చాయి. వంజరం దండిగా పడింది. అలల ఉధృతికి పడవల్ని పైకి లాగలేక నీళ్ళ అంచునే ఆపారు. జీపు కూడా అక్కడి దాకా దిగాల్సి వచ్చింది. మామూలుగా వేసే దానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించారు. నాకు ఆ రోజు పరీక్ష ఉంది. "టైమైపోతోంది, సగం సగం చెయ్యకండి, ఒక్కసారే పోదాం" అన్నది నేనే. నేను ముందు సీట్లో కూర్చునే ఉన్నాను. దిగి బరువు తగ్గించాలన్న బుద్ధి కూడా పుట్టలేదు.

బండి సగం ఒడ్డెక్కింది. ఇంజన్ గురగురమంది. వెనక మావగారు, ఇంకో ఇద్దరు నెడుతున్నారు. ఇంజన్ ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. మా ఆయన బ్రేకు తొక్కారు గానీ తడి ఇసుకలో అది నిలవలేదు. ఇద్దరు పక్కకి దూకారు. మావగారి కాలు జారింది.

"అమ్మా!" అని ఒక్క అరుపు వినబడింది. నేను దూకి వెనక్కి పరిగెత్తాను. ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి టైరు కింద ఉంది. ఇసుక మెత్తన కాబట్టి కాలు నుజ్జు కాలేదు, దిగబడిపోయింది. అంత పెద్ద టైరు దాని మీద కూర్చుంది. పోటు సమయం. అల వచ్చి ఆయన నడుము తడిపి పోయింది. తర్వాతది ఛాతీ దాకా వచ్చింది. నీళ్ళు వెనక్కి పోయినప్పుడల్లా టైరు ఇంకాస్త దిగుతోంది.

ఓరి భగవంతుడా, ఆ అరగంట! నేను టిఫిన్ డబ్బా మూతతో ఇసుక తోడాను. తోడినంతా అల వచ్చి నింపేది. గోళ్ళు విరిగాయి, నాకు తెలియనే లేదు. "ముందు పెట్టెలు దించండ్రా, తర్వాత తాళ్ళేసి లాగండి," అని ఆయనే చెబుతున్నారు. కాలు టైరు కింద ఉన్న మనిషి! నేను పెద్దగా ఏడుస్తున్నాను. "నా లెక్క మావయ్యా, నా లెక్క వల్లే..." అంటున్నాను.

ఆయన తడిచెయ్యి నా తల మీద పెట్టారు. "ఊరుకో. నీ లెక్క తప్పెందుకయిద్దమ్మా? ఇసక సంగతి నేను చూసుకోవాలి. ముసలోణ్ణి, నాకే తెలియలా."

తెలిసే ఆ లెక్క చెప్పానని అప్పుడు చెప్పి ఉండాల్సింది. అంతకంటే చెప్పాల్సిన సమయం జీవితంలో ఇంకోటి రాదు. నా నోట్లోంచి ఏడుపే వచ్చింది గానీ మాట రాలేదు.

వల లాగేవాళ్ళు ఇరవై మంది తాళ్ళేసి బండిని ముందుకు లాగారు. ఆయన్ని బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముక రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి భయం లేదు, ఆ మోకాలు మాత్రం ఇక ముందులా వంగదన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత ఆయన నేల మీద కూర్చుని అన్నం తిన్నది లేదు.

మూడు వారాలకు రేపల్లె నుంచి బాబాయి వచ్చాడు. బండి మా దొడ్లో ఉంది. అందరికీ దూరంగా నన్ను బండి వెనక్కి పిలిచాడు.

"అప్పుడే నలభైమూడు అనొచ్చుగా అమ్మాయ్," అన్నాడు.

"నీకు తెలుసుగా బాబాయ్! నువ్వెందుకు నోరు మూసుకున్నావు?" అన్నాను కోపంగా.

"నువ్వు చదువుకోవాలని నాకు మాత్రం ఉండదా?" అన్నాడు.

మావగారు వరండాలో మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నారు. బాబాయి ఆయన ముందు నిలబడి ఈసారి ఏ రకం వెయ్యమంటారని అడిగాడు. ఆయన నా వైపు చూపించారు. "అమ్మాయినే అడుగు. లెక్క దానికే తెలుసు."

"నలభైమూడు మావయ్యా," అన్నాను.

"అది వేస్తే బండి తెనాలి పోదన్నాడుగా మీ బాబాయి. మరి నీ చదువో?" అన్నారు. ఆయన దిండు సర్దుకుని కొంచెం లేచి కూర్చున్నారు. "నలుగురూ ఏమనుకుంటే నాకేంటమ్మా. ఆ రోజు ఆ నీళ్ళలో పడున్నప్పుడు అనుకున్నాను, ఈ పిల్లని రైల్లో పంపించి ఉంటే ఈ టైం గొడవ ఉండేది కాదుగా అని. నువ్వు రైల్లో పో. పాసు తీయిస్తాను. నీ ఇష్టం వచ్చినట్టు పోయిరా."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట అది. మా ఆయన నవ్వుతూ నా వైపు చూశారు. బాబాయి తల వంచుకున్నాడు. ఇప్పుడు నన్ను చదువుకోవద్దనేవాళ్ళు ముగ్గురిలో ఒక్కరూ లేరు.

"నాకిక చదవాలని లేదు మావయ్యా," అన్నాను. ముప్పై తొమ్మిది ఎందుకు రాశానో చెప్పకుండా ఆ పాసు పుచ్చుకోలేను, చెప్పే ధైర్యమూ లేదు. లోపలికి పోయి ఆయన ఒళ్ళు తుడుచుకోవడానికి నీళ్ళు కాచాను.